అగ్నిగోళానికి వెల కట్టడం

దూరం నుంచి కొట్టే నిప్పు మంత్రాన్ని ఆన్‌లైన్ ఫాంటసీ ఆటలో పెట్టాలనుకున్న ప్రతి డిజైనర్‌కూ ఒకే చిక్కు ఎదురవుతుంది. కత్తి పట్టినవాడు శత్రువు దాకా నడవాలి. ఆ నడకలోనే రెండు దెబ్బలు తింటాడు, దగ్గరికి చేరాక ఇంకో నాలుగు తింటాడు. మాంత్రికుడు ముప్పై అయిదు గజాల అవతల నిలబడి చేయెత్తితే చాలు, నిప్పు తనంతట తానే వెళ్లి తగులుతుంది. ఇద్దరి దెబ్బా సమానమైతే ఇక కత్తి పట్టేవాళ్లెవరూ మిగలరు. పోనీ మాంత్రికుడి దెబ్బను చిన్నది చేద్దామా అంటే, ఆ నిప్పు ముద్ద గాల్లో దూసుకుపోయే దృశ్యం కోసమే ఆ పాత్రను ఎంచుకున్న కుర్రాడికి అన్యాయం జరుగుతుంది. నిప్పు పెద్దదిగానే ఉండాలి, దానికి తగ్గ వెలా ఉండాలి. ఆ వెలను ఏ రూపంలో వసూలు చేయాలన్నదే అసలు ప్రశ్న.

యాభై ఏళ్లలో ఈ ప్రశ్నకు చాలా జవాబులు వచ్చాయి. కొన్ని ఆటలు వెలను సరుకుల రూపంలో వసూలు చేశాయి, కొన్ని డబ్బు రూపంలో, కొన్ని కాలం రూపంలో, ఇంకొన్ని ప్రాణాపాయం రూపంలో. వాటన్నిటినీ పక్కపక్కన పెట్టి చూశాక నాకు స్థిరపడిన అభిప్రాయం ఇది: మంత్రం వేసే క్షణంలోనే, ఎదుటివాడి కళ్ల ముందే వెల చెల్లించాల్సి వచ్చిన ఆటల్లో అగ్నిగోళం గొప్పగా నిలిచింది. వెలను దాచేసి, దెబ్బ అంకెను కోసి లెక్క సరిచేసిన ఆటల్లో అది చప్పబడింది.

ఈ మంత్రం పుట్టింది కంప్యూటర్‌లో కాదు, బల్ల మీద. గ్యారీ గైగాక్స్, జెఫ్ పెరెన్ 1971లో తెచ్చిన ‘చెయిన్‌మెయిల్’ మధ్యయుగపు సైన్యాలను చిన్న బొమ్మలతో ఆడించే యుద్ధక్రీడ. దాని చివర చేర్చిన ఫాంటసీ అనుబంధంలో మాంత్రికుడు కనిపిస్తాడు. అతని అగ్నిగోళం ఎంత మేర కాలుస్తుందో చెప్పడానికి రచయితలు కొత్త లెక్కేమీ కట్టలేదు. కోటగోడల మీదికి బండరాళ్లు విసిరే పెద్ద క్యాటపుల్ట్ దెబ్బ ఎంత మేర పడుతుందో, ఇదీ అంతే అన్నారు. ముట్టడి ఆయుధానికి స్వపక్షం, పరపక్షం తెలియవు. ఆ గుణం అగ్నిగోళానికి పుట్టుకతోనే అంటింది.

1974లో ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ వచ్చేసరికి అది మూడో స్థాయి మంత్రమైంది. మాంత్రికుడి స్థాయి ఎంతో అన్ని పాచికల దెబ్బ. ఇక్కడ దాని వెల రెండు రకాలు. మొదటిది, రోజుకు ఇన్నిసార్లే వేయగలగడం. రెండోదే నాకు ముచ్చట గొలిపేది. 1978 నాటి అడ్వాన్స్‌డ్ నియమాల ప్రకారం అగ్నిగోళం ఇరుకు చోట పేలితే దాని ఘనపరిమాణం తగ్గదు. దారి దొరికిన వైపల్లా వ్యాపిస్తుంది. ఇరవై అడుగుల వ్యాసార్ధం ఉన్న గోళం అంటే సుమారు 33,000 ఘనపుటడుగులు. పదడుగుల వెడల్పు, పదడుగుల ఎత్తు ఉన్న సొరంగంలో దాన్ని పేలిస్తే మంట మొత్తం 330 అడుగుల పొడవునా పరుచుకుంటుంది. ఎదురుగా ఉన్న శత్రువులతో పాటు వేసినవాడినీ, వాడి వెనకున్న స్నేహితులనూ కలిపి మసి చేస్తుంది. మంత్రం వేయబోయే ముందు గది కొలతలు అడిగి, కాగితం మీద లెక్క వేసుకునే అలవాటు ఆ తరం ఆటగాళ్లకు ఇలాగే వచ్చింది. భయం నుంచి పుట్టిన ఆ లెక్కే ఆట.

సరుకుల వెల కూడా ఆ పుస్తకంలోనే ఉంది: గబ్బిలం రెట్ట, గంధకం. రెట్టలో నైట్రేట్ ఉంటుంది కాబట్టి ఇవి తుపాకీ మందులోని మూడు దినుసుల్లో రెంటికి దగ్గరి చుట్టాలు. బల్ల దగ్గర దీన్ని పట్టించుకున్నవాళ్లు తక్కువ, ఆన్‌లైన్ ఆటల్లో మాత్రం ఈ ఊహే పెద్ద వ్యవస్థగా ఎదిగింది. అక్కడికి వెళ్లేముందు ఒక్క మాట. 2014లో వచ్చిన అయిదో ఎడిషన్‌లో అగ్నిగోళానికి ఎనిమిది పాచికలు. గుంపును కొట్టే మూడో స్థాయి మంత్రానికి ఆరు పాచికలు చాలునని ఆ ఎడిషన్ నిర్వాహకుల పుస్తకమే చెబుతుంది. ఆ అదనపు రెండు పాచికలు సంప్రదాయానికి ఇచ్చిన మర్యాద అని నేననుకుంటాను. ఆ మర్యాద దక్కవలసిందే.

నెట్‌వర్క్ మీదికి వచ్చిన తొలి రోజుల గురించి చెప్పుకోవలసింది తక్కువ. కోపెన్‌హేగన్ విశ్వవిద్యాలయం కుర్రాళ్లు 1990 దశకం మొదట్లో చేసిన డీకూమడ్‌లో అగ్నిగోళం ఉంది, కానీ ఆట అంతా అక్షరాల్లోనే. ఒక గదిలో ఉన్నవాళ్లందరూ ఒకే చోట ఉన్నట్టు. దూరమే లేని లోకంలో దూరం నుంచి కొట్టడానికి అర్థం లేదు.

దూరం పెద్ద ఎత్తున వచ్చింది 1997 సెప్టెంబర్‌లో, అల్టిమా ఆన్‌లైన్‌తో. అందులో ఎనిమిది వలయాల్లో అరవై నాలుగు మంత్రాలు. అగ్నిగోళం మూడో వలయం. వేయాలంటే సంచిలో బ్లాక్ పర్ల్ అనే నల్ల ముత్యం ఉండాలి. వేసేటప్పుడు మాంత్రికుడి తల మీద ‘వాస్ ఫ్లామ్’ అన్న మాటలు తేలుతాయి, ఎదుటివాడు వాటిని చదువుతాడు. ఏం వస్తోందో వాడికి ముందే తెలుస్తుంది కనుక పారిపోవచ్చు, కాచుకోవచ్చు, లేదా చటుక్కున చిన్న దెబ్బ కొట్టి మంత్రాన్ని చెడగొట్టవచ్చు. తొలినాళ్లలో చచ్చిపోతే ఆ ముత్యాలతో సహా సంచి మొత్తం నేల మీదే పడి ఉండేది, చంపినవాడు దోచుకునేవాడు. ఒక్క మంత్రానికి ఇన్ని వెలలు కట్టిన ఆట మళ్లీ రాలేదనే చెప్పాలి. అన్నీ బయటికి కనిపించే వెలలు కావడం వల్లే అల్టిమాలో ఇద్దరు మాంత్రికుల ద్వంద్వయుద్ధాన్ని పక్కన నిలబడి చూసినా రక్తి కడుతుంది.

ఆ ఆట ఇంకా పరీక్ష దశలో ఉండగానే నిప్పు మంత్రం ఒకటి చరిత్రకెక్కింది. 1997 ఆగస్టులో ఆట సృష్టికర్త రిచర్డ్ గ్యారియట్ తన రాజు పాత్ర లార్డ్ బ్రిటిష్‌గా ప్రజల ముందుకొచ్చాడు. దొంగతనాలతో పొట్టపోసుకునే ఒక ఆటగాడు, కొట్టేసిన ఫైర్ ఫీల్డ్ మంత్రపు కాగితం చుట్టను ఆ వేదిక మీదికి ప్రయోగించాడు. నేల మీద మంటల గోడ లేపే మంత్రమది. అంతకుముందే సర్వర్ పడిపోయి మళ్లీ లేచాక రాజు తన అవధ్య కవచాన్ని తిరిగి పెట్టుకోవడం మరిచాడు. రాజు అక్కడికక్కడే కూలిపోయాడు. ఆట నియమాలు రాసినవాడిని ఆ నియమాలే కాల్చిన ఘటన అది. మంట ఎవరినీ మినహాయించదన్న పాత గుణం నెట్‌వర్క్ మీదా బతికే ఉందని ఆ రోజు రుజువైంది.

ఆ గుణం తర్వాత ఎందుకు పోయింది? బయోవేర్ 2002లో తెచ్చిన నెవర్‌వింటర్ నైట్స్‌లో కష్టస్థాయి పెంచి ఆడితే అగ్నిగోళం స్నేహితులనూ కాలుస్తుంది. ఆటగాళ్లే సొంతంగా నడుపుకున్న చిన్న సర్వర్లలో, ఒకరికొకరు తెలిసిన జట్లలో అది చక్కగా సాగింది. మాంత్రికుడు ముందు కేక వేస్తాడు, ముందు వరుస వెనక్కి జరుగుతుంది, అప్పుడు నిప్పు పడుతుంది. నలభై మంది అపరిచితులు ఒకచోట చేరే భారీ ఆటలో అదే నియమం పెడితే, జట్టును కావాలని తగలబెట్టి ఆనందించేవాడు రోజుకొకడు తయారవుతాడు. అందుకే పెద్ద ఆటలు స్వపక్షానికి నిప్పంటే కాలని దేహం ఇచ్చేశాయి. ఈ నిర్ణయాన్ని నేను తప్పు పట్టలేను. కానీ మంత్రం వేసేవాడు చుట్టూ ఉన్నవాళ్లను చూసుకోవలసిన అవసరం దాంతో పోయింది. అది నష్టమే.

రూన్‌స్కేప్ 2001లో వేరే దారి పట్టింది. అక్కడ నిప్పు వెల అచ్చంగా సరుకు, అంటే డబ్బు. పదమూడో లెవెల్‌లో వచ్చే ఫైర్ స్ట్రైక్ వేయడానికి ఒక మైండ్ రూన్, రెండు గాలి రూన్లు, మూడు నిప్పు రూన్లు ఖర్చవుతాయి. మెట్లెక్కేకొద్దీ ఫైర్ బోల్ట్, ఫైర్ బ్లాస్ట్, ఫైర్ వేవ్, చివర తొంభై అయిదో లెవెల్‌లో ఫైర్ సర్జ్. ఈ చివరిదానికి పది నిప్పు రూన్లు, ఏడు గాలి రూన్లు, ఒక రాత్ రూన్. ఇప్పుడు ఎక్కువమంది ఆడే ఓల్డ్ స్కూల్ రూపంలో వీటి గరిష్ఠ దెబ్బలు వరుసగా 8, 12, 16, 20, 24. చేతిలో నిప్పు దండం ఉంటే నిప్పు రూన్ల ఖర్చు ఉండదు. మిగిలిన రూన్లు తోటి ఆటగాళ్లు గుళ్లలాంటి ఆల్టర్ల దగ్గర తయారుచేసి సంతలో అమ్మినవి. కనుక ప్రతి అగ్నిగోళానికీ ఆ రోజు ధర ఒకటుంటుంది. ఎక్కడో ఒకడు గంటల తరబడి రూన్లు చేసి ధర పడగొడితే ఇంకెక్కడో ఇంకొకడి నిప్పు చవకవుతుంది. ఒక మంత్రం చుట్టూ ఒక శ్రామిక లోకాన్నే నిలబెట్టిన ఘనత ఈ ఆటది, ఇందులో దీనికి సాటి లేదు.

లోపం కూడా ఇక్కడే ఉంది. వెల మొత్తం సంతలోనే చెల్లించేస్తే, వేసే క్షణంలో చెల్లించడానికి ఏమీ మిగలదు. ఓల్డ్ స్కూల్‌లో కాలం 0.6 సెకన్ల ముక్కలుగా నడుస్తుంది. మామూలు మంత్రం అయిదు ముక్కలకోసారి, అంటే మూడు సెకన్లకోసారి పడుతుంది. దెబ్బ ఎంతో వేసిన క్షణంలోనే తేలిపోతుంది, నిప్పు ఎగిరి వెళ్లడం ఆ తర్వాతి లాంఛనం. పైగా అక్కడి రాక్షసులకు దారి వెతుక్కోవడం సరిగా రాదు. బండ వెనకో కంచె వెనకో నిలబడితే అవి అడ్డు దాటలేక అక్కడే తచ్చాడుతాయి, మాంత్రికుడు తీరిగ్గా కాలుస్తూ ఉంటాడు. సేఫ్‌స్పాట్ అని అందరూ పిలిచే ఈ పద్ధతిని ఆట కూడా మెల్లగా తనలో కలుపుకుంది. ఏ రాయి వెనక నిలబడాలో కనిపెట్టడంలో తెలివి ఉంది, ఒప్పుకుంటాను. కనిపెట్టాక మాత్రం దూరం పూర్తిగా ఉచితమైపోతుంది.

ఈ ఆటలో మరో చిక్కు చాలాకాలం తీరలేదు. గాలి, నీరు, మట్టి, నిప్పు అన్న నాలుగు మంత్రాల్లో ప్రతి మెట్టు మీదా నిప్పే బలమైనది. నిప్పు చేతికొచ్చాక మిగతా మూడూ పనికిరానివయ్యేవి. 2024లో రాక్షసులకు మూలకాల బలహీనతలు పెట్టారు. దీనికి నీరు, దానికి గాలి, ఇంకోదానికి నిప్పు ఎక్కువ తగులుతుందన్నారు. దానితో మిగతా మూడింటికీ మళ్లీ పని దొరికింది, నిప్పును ఎక్కడ వాడాలో ఆలోచించే అవసరమూ వచ్చింది. ఆలస్యమైనా మంచి పని.

ఇక ప్రధాన ఘట్టం వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్. 2004 నవంబర్‌లో వచ్చిన ఈ ఆటలో మాంత్రికుడైన మేజ్ పాత్రకు ఒకటో లెవెల్‌లోనే ఫైర్‌బాల్ చేతిలో ఉండేది. 30 మానా (మంత్రాలకు ఖర్చయ్యే ఇంధనం), ఒకటిన్నర సెకన్ల క్యాస్ట్ (మంత్రం సిద్ధమయ్యే కాలం), 35 గజాల దూరం, 14 నుంచి 22 దాకా దెబ్బ, ఆపైన నాలుగు సెకన్ల పాటు కొద్దిగా సెగ. లెవెల్ పెరిగేకొద్దీ మానా పెరగడం, దెబ్బ పెరగడం ఊహించేవే. డిజైనర్లు వాటితో పాటు క్యాస్ట్ కాలాన్ని కూడా పెంచారు. పై ర్యాంకులకు వచ్చేసరికి అది మూడున్నర సెకన్లు. నైపుణ్యం పెరిగినవాడు తొందరగా చేయాలన్న మామూలు ఊహకు ఇది ఎదురు నడక. నా దృష్టిలో ఈ మంత్రం చరిత్రలో తీసుకున్న అతి తెలివైన నిర్ణయం కూడా ఇదే.

ఆ మూడున్నర సెకన్లలో మేజ్ కదలకూడదు. ఒక్క అడుగు వేస్తే మంత్రం పోతుంది. దెబ్బ తగిలితే క్యాస్ట్ బార్ వెనక్కి జరుగుతుంది. చేతుల మధ్య నిప్పు పోగవుతుండటం ఎదుటివాడికి కనిపిస్తుంది. దగ్గరుండి పోరాడే రోగ్ పాత్ర కిక్ కొడితే అయిదు సెకన్ల పాటు ఆ జాతి మంత్రమేదీ వేయలేడు, ఇంకో మేజ్ కౌంటర్‌స్పెల్ వేస్తే పది సెకన్లు నిప్పు బంద్. క్యాస్ట్ పూర్తయ్యే క్షణానికి లక్ష్యం స్తంభం చాటుకు జారుకుంటే మొత్తం శ్రమ వృథా. అందుకే మంచి మేజ్ అబద్ధపు క్యాస్ట్ మొదలుపెట్టి మధ్యలో ఆపేస్తాడు, ఎదుటివాడు కంగారులో కిక్ ఖర్చు చేసుకున్నాక అసలుది వేస్తాడు. ఒకడి చేతిలో ఉన్న కాలాన్ని ఇంకొకడు లాక్కునే ఈ పెనుగులాట అంతా ఆ మూడున్నర సెకన్ల వల్లే సాధ్యమైంది.

ఆ కాలానికి ప్రతిఫలం కూడా లెక్క ప్రకారమే ఇచ్చారు. ఆయుధాలు, అంగీల నుంచి వచ్చే అదనపు మంత్రశక్తిలో ఎంత భాగం ఒక్కో మంత్రానికి కలవాలన్నది క్యాస్ట్ కాలాన్ని 3.5తో భాగించి తేలుస్తారు. మూడున్నర సెకన్ల ఫైర్‌బాల్‌కు మొత్తం శక్తి కలుస్తుంది. ఒకటిన్నర సెకన్ల చిన్న మంత్రం స్కార్చ్‌కు సుమారు 43 శాతమే. టాలెంట్ పాయింట్లు అయిదు ఖర్చుపెట్టి ఫైర్‌బాల్‌ను మూడు సెకన్లకు దించుకున్నా కలిసే శక్తి తగ్గదు. ఎంత సేపు ప్రమాదంలో నిలబడ్డావో అంత కూలి. ఇంత నిజాయితీ ఉన్న సూత్రం ఆటల్లో అరుదు.

చంపబోయే రాక్షసుడి కోపం ఇంకో వెల. జట్టులో ట్యాంక్ పాత్ర రాక్షసుడిని తనవైపు తిప్పుకుని ఉంచుతుంది. మేజ్ దెబ్బల వల్ల పుట్టిన కోపం ట్యాంక్ సంపాదించిన కోపం కంటే 30 శాతం ఎక్కువైతే రాక్షసుడు వెనుదిరిగి మేజ్ మీదికొస్తాడు. దగ్గరుండి కొట్టేవాళ్లకు ఈ వెసులుబాటు 10 శాతమే. బట్టల తొడుగు తప్ప కవచం లేని మేజ్ రెండు దెబ్బలకు పడిపోతాడు. పాత బల్ల ఆటలో నిప్పు అతిగా వాడితే సొంత మంట కాల్చేది. ఇక్కడ అదే శిక్ష రాక్షసుడి చేతుల మీదుగా వస్తుంది. స్వపక్షాన్ని కాల్చే గుణం పోయినా దాని వారసుడు మిగిలాడని నేను సంతోషిస్తాను.

ఈ వెలకు పరాకాష్ఠ ఇగ్నైట్ అనే టాలెంట్. ఫైర్‌బాల్ క్రిట్ అయితే, అంటే అదృష్టం కలిసొచ్చి దెబ్బ పెద్దదిగా పడితే, దానిలో 40 శాతం నాలుగు సెకన్ల మీద మంటగా రాక్షసుడిని కాలుస్తుంది. తొలి రోజుల్లో ఈ మంట రాక్షసుడికి ఒక్కటే ఉండేది. ఎవరి క్రిట్ అయినా అందులోకే చేరేది, అయిదు దొంతరల దాకా పెరిగేది, కొత్త క్రిట్ పడ్డప్పుడల్లా గడువు మళ్లీ మొదలయ్యేది. ఖాతా మాత్రం ఒక్క మేజ్ పేరు మీదే. పది మంది నిప్పు వేస్తుంటే ఆ ఒక్కడి పేరున కోపం కొండలా పెరిగిపోయేది. వాడు తన మంత్రాలు ఆపేసి నిలబడ్డా మంట ఆగదు. మిగతా మేజ్‌లు వాడిని కాపాడటానికి చేతులు కట్టుకోవాలా, వాడు పోయినా సరే మంటను నిలబెట్టాలా అన్నది అప్పటికప్పుడు తేల్చుకోవలసి వచ్చేది. ఇదంతా డిజైనర్లు పూర్తిగా ఊహించి పెట్టింది కాకపోవచ్చు. కానీ నలభై మంది జట్టులో ఒక మంత్రం ఉమ్మడి ఆస్తిగా, ఉమ్మడి ప్రమాదంగా మారిన సందర్భం ఇంతకు మించినది నాకు తెలియదు.

అంత గొప్ప మంత్రాన్ని అదే ఆట మొదటి రెయిడ్‌లోనే, అంటే పెద్ద జట్టుతో చేసే దండయాత్రలోనే, నిరుపయోగం చేసింది. మోల్టెన్ కోర్ పేరుకు తగ్గట్టే లావా గుహ. బారన్ గెడ్డన్, ఆఖరున రాగ్నరోస్ నిప్పు దేహాలు, నిప్పు వాళ్లను ఏమీ చేయదు. తర్క ప్రకారం సరైనదే. ఫలితం మాత్రం, మేజ్‌లందరూ నిప్పు వదిలేసి మంచు మంత్రాలు పట్టడం. నెలల తరబడి ఫ్రాస్ట్‌బోల్ట్ ఒక్కటే నొక్కుతూ గడిపారు. ఆ తర్వాతి రెయిడ్‌లోనూ పరిస్థితి పెద్దగా మారలేదు. 2006 జనవరిలో ఆన్‌కిరాజ్ తెరుచుకున్నాకే నిప్పుకు మళ్లీ రోజులొచ్చాయి. ఫైర్‌బాల్ పన్నెండో ర్యాంక్ పుస్తకం దొరికింది కూడా అక్కడి శిథిలాల్లోనే.

దీన్ని డయాబ్లో 2తో కలిపి చూడాలి. 2000లో వచ్చిన ఆ ఆట చివరి కష్టస్థాయి అయిన హెల్‌లో కొన్ని రాక్షసులకు నిప్పు అసలు తగలదు. నిప్పునే నమ్ముకున్న సోర్సరెస్ వాటి ముందు నిస్సహాయురాలు. ఖరీదైన వస్తువులతో ఆ రక్షణను కొంత చీల్చే మార్గాలు ఉన్నా, అందరికీ అందుబాటులో ఉండే పరిష్కారం రావడానికి ఇరవై రెండేళ్లు పట్టింది. 2022లో పునర్నిర్మిత రూపంలో సండర్ చార్మ్‌లు తెచ్చి పూర్తి రక్షణను పగలగొట్టే వీలు కల్పించారు, బదులుగా వేసేవాడి సొంత రక్షణ తగ్గుతుంది. కొరియా వారి రాగ్నరోక్ ఆన్‌లైన్ ఈ విషయంలో మొదటి నుంచీ మెరుగు. అక్కడ ఫైర్ బోల్ట్ మట్టి జాతి జీవికి ఎక్కువ తగులుతుంది, నీటి జాతికి తక్కువ తగులుతుంది. మేజ్ నాలుగైదు మూలకాలు నేర్చుకుని, ఎదుట ఉన్నదాన్ని చూసి ఎంచుకోవాలి. తక్కువ తగలడం ఆలోచన పుట్టిస్తుంది. అసలు తగలకపోవడం ఆటగాడు ఎంచుకున్న పాత్రనే లాక్కుంటుంది. పూర్తి నిరోధం అనేది వెల కాదు, అంగడి మూసేయడం. ఏ ఆటలోనూ అది ఉండకూడదని నా తీర్పు.

వార్‌క్రాఫ్ట్ తర్వాతి కాలంలో అగ్నిగోళం రూపు మారింది. 2008లో హాట్ స్ట్రీక్ వచ్చింది: వరుసగా రెండు నిప్పు క్రిట్‌లు పడితే పెద్ద మంత్రమైన పైరోబ్లాస్ట్ తక్షణం వేయవచ్చు. ఫైర్‌బాల్ లక్ష్యాన్ని చేరడానికి దూరాన్ని బట్టి సుమారు సెకను పడుతుంది. అది గాల్లో ఉండగానే తక్షణ మంత్రం ఫైర్ బ్లాస్ట్ వేసి రెంటినీ ఒకదాని వెంట ఒకటి దింపడం మంచి మేజ్ గుర్తు అయింది. ఎగిరే కాలానికి కూడా పని కల్పించారు, అది నాకు నచ్చింది. 2016 నాటికి కంబషన్ అన్న పది సెకన్ల గడియలో ప్రతి నిప్పూ క్రిట్ అయ్యేలా చేశారు. దానితో బరువంతా ఆ గడియ మీదికి, తక్షణ మంత్రాల మీదికి మళ్లింది. ఫైర్‌బాల్ వాటి మధ్య ఖాళీ నింపే పనికి దిగింది. మేజ్ పరుగెడుతూనే కాల్చేస్తున్నాడు. చూడటానికి హుషారుగా ఉంటుంది. కానీ నిలబడటం అన్న వెల తగ్గిపోయాక మిగిలింది అంకెలే, ప్రతి ప్యాచ్‌లో ఆ అంకెలను అటూ ఇటూ జరపడమే. 2019 ఆగస్టులో ఆట పాత రూపాన్ని నడిపే క్లాసిక్ సర్వర్లు తెరిచినప్పుడు అంత మంది పాత నిదానమైన ఫైర్‌బాల్ దగ్గరికి తిరిగి వెళ్లడానికి జ్ఞాపకాల మీద మమకారం ఒక్కటే కారణం కాదని నేను గట్టిగా నమ్ముతాను.

నిలబడటాన్ని వదలకుండా దాన్ని అందంగా మలిచింది 2013లో పునర్జన్మ ఎత్తిన ఫైనల్ ఫాంటసీ 14. అక్కడి బ్లాక్ మేజ్ నిప్పు స్థితిలో ఉంటే నిప్పు మంత్రాల దెబ్బ పెరుగుతుంది, ఖర్చూ రెట్టింపవుతుంది, శక్తి దానంతట అది తిరిగి రాదు. సంచి ఖాళీ కాగానే మంచు స్థితికి మారి నింపుకోవాలి, మళ్లీ నిప్పులోకి రావాలి. 2015లో చేర్చిన లే లైన్స్ నేల మీద ఒక మండలం గీస్తుంది, అందులో నిలబడితే మంత్రాలు వేగంగా పడతాయి. బాస్ సరిగ్గా ఆ నేలనే పేలుస్తాడు. మంత్రం చివరి అర సెకనులో కదిలినా అది చెడదని అనుభవజ్ఞులకు తెలుసు. ఆ అర సెకనునే వాడుకుని ప్రాణం దక్కించుకుంటారు. గిల్డ్ వార్స్ 2 ఇంకో దిక్కు వెళ్లింది. దాని ఎలిమెంటలిస్ట్ దండం నుంచి వచ్చే ఫైర్‌బాల్ నిజంగా ఎగిరే వస్తువు. ఎదుటివాడు దొర్లి తప్పించుకోవచ్చు, మెస్మర్ అనే పాత్ర దాన్ని వేసినవాడి మీదికే తిప్పి పంపవచ్చు. తప్పిపోయే అవకాశమే అక్కడ వెల.

ఈ చివరి పద్ధతే ఆధునికమని, లక్ష్యాన్ని ఎంచుకుంటే నిప్పు వెంటాడి తగిలే పాత పద్ధతి కాలం చెల్లిందని చాలామంది అంటారు. నేను ఒప్పుకోను. కారణం మన దేశం నుంచి ఆడేవారికి బాగా తెలుసు. వార్‌క్రాఫ్ట్‌కు భారత్‌లో సర్వర్ లేదు. యూరప్ సర్వర్లలో ఆడాలంటే, ఉదాహరణకు హైదరాబాద్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్ నేరుగా కొలిచినా సుమారు ఏడు వేల కిలోమీటర్లు. గాజు తీగలో కాంతి సెకనుకు దాదాపు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది, కాబట్టి వెళ్లి రావడానికి కనీసం 70 మిల్లీసెకన్లు. సముద్రగర్భ కేబుళ్లు చుట్టు తిరిగి వెళతాయి కనుక అసలు పింగ్, అంటే సందేశం వెళ్లి వచ్చే ఆలస్యం, అంతకంటే చాలా ఎక్కువ. ఇంట్లో ఎంత మంచి ఫైబర్ కనెక్షన్ ఉన్నా ఇది తగ్గదు. గురి పెట్టి కొట్టే ఆటలో, దొర్లి తప్పించుకునే ఆటలో ఆ ఆలస్యం నేరుగా ఓటమి. మన తెరమీద తప్పించుకున్న నిప్పు సర్వర్ లెక్కలో తగిలేసి ఉంటుంది. మూడు సెకన్ల క్యాస్ట్, వెంటాడి తగిలే గోళం ఉన్నచోట అదే ఆలస్యం చిన్న భాగం. విజయవాడలో కూర్చున్నవాడూ పారిస్‌లో కూర్చున్నవాడూ దాదాపు ఒకే వెల చెల్లిస్తారు. సర్వర్‌కు దూరంగా ఉన్నవారి పట్ల న్యాయంగా ఉన్న డిజైన్‌ను పాతదని తీసిపారేయడం సరికాదు.

కాబట్టి నా వరస ఇది. మంత్రంగా పరిపూర్ణమైనది తొలినాటి వార్‌క్రాఫ్ట్ ఫైర్‌బాల్, మోల్టెన్ కోర్ నిరోధాన్ని పక్కన పెడితే. చూసేవారికి కూడా నాటకంలా అర్థమయ్యేది అల్టిమా ఆన్‌లైన్. నేటి ఆటల్లో వెలను నిజాయితీగా వసూలు చేస్తున్నది ఫైనల్ ఫాంటసీ 14. రూన్‌స్కేప్ నిప్పు గొప్ప వ్యాపారం, మధ్యస్థమైన మంత్రం. ఆటలు తయారుచేసే మన యువతకు ఒక విన్నపం: మీ మాంత్రికుడు అతిగా గెలుస్తున్నాడనిపిస్తే దెబ్బ అంకెను ముట్టుకునే ముందు, వాడు ఎంత సేపు కదలకుండా నిలబడుతున్నాడో, ఆ సంగతి ఎదుటివాడికి కనిపిస్తోందో లేదో చూడండి.

స్వయంగా ఆడి చూడాలనుకునే పాఠకులకు ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్ ఫోన్‌లో కూడా ఉచితంగా దొరుకుతుంది, ఫైర్ బ్లాస్ట్ దాకా డబ్బు కట్టనక్కర్లేదు. ఫైనల్ ఫాంటసీ 14 ఉచిత ట్రయల్ డెబ్బయ్యో లెవెల్ దాకా నడుస్తుంది, అసలైన నిప్పు మంత్రం ఫైర్ ఫోర్ అరవయ్యో లెవెల్‌లోనే వస్తుంది. వార్‌క్రాఫ్ట్ క్లాసిక్‌కు మాత్రం నెల చందా కట్టాలి.